వాట్లు సరిపోయినా ఆరిపోయే కంప్యూటర్: ఓవర్‌క్లాకింగ్‌కి ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ కావాలి?

నా కంప్యూటర్‌కి ఆమధ్య ఒక వింత రోగం పట్టుకుంది. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి (అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి), స్ట్రెస్ టెస్టు పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి నిక్షేపంగా నడుస్తూ కనిపించేది. గంటల తరబడి గేమ్ ఆడినా ఏమీ అయ్యేది కాదు. అదే గేమ్ తెరిచి, ఏమీ ఆడకుండా మెనూ ముందు ఊరికే కూర్చుంటే మాత్రం టక్కుమని ఆరిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. ఎవరో గోడ దగ్గర ప్లగ్ పీకేసినట్టే. ఆ తర్వాత పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. వెనకాల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చి ఇచ్చే పెట్టె) స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే లేచేది.

రెండు వారాలు బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, వోల్టేజీలు మారుస్తూ కూర్చున్నాను. ప్రాసెసర్‌కి కొంచెం ఎక్కువ ఇచ్చి చూశాను. మెమరీ వేగం తగ్గించి చూశాను. చివరికి విసుగొచ్చి ఓవర్‌క్లాకింగ్ మొత్తం తీసేశాను. అయినా ఆరిపోవడం ఆగలేదు. ఇంత జరుగుతున్నా ఎస్‌ఎంపీఎస్ మీద మాత్రం అనుమానం రాలేదు. దాని మీద 750 వాట్లు అని రాసుంది, నేను వేసుకున్న లెక్క 550 దాటలేదు. ఇంకా 200 వాట్లు చేతిలో ఉండగా దాన్ని ఎందుకు అనుమానిస్తాం?

పొరబడ్డది అక్కడే. ఎస్‌ఎంపీఎస్ అనగానే అందరం మొదట అడిగే ప్రశ్న 'ఎన్ని వాట్లు?' అడగాల్సిందే, కాదనను. కానీ ఓవర్‌క్లాక్ చేసిన మెషీన్ దగ్గరికొచ్చేసరికి ఆ అంకె చెప్పేది కొంతే. ఆ వాట్లు ఏ లైను మీద వస్తున్నాయి, ఏ కేబుల్ గుండా వెళ్తున్నాయి, సెకనులో పదివేలో వంతు సేపు రెట్టింపు అడిగితే ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుందా, చేతులెత్తేస్తుందా? గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం కరెంటు

ముందు ఓవర్‌క్లాకింగ్ వల్ల కరెంటు వాడకం ఎందుకు అంతలా ఎగబాకుతుందో చూద్దాం. ప్రాసెసర్ వేగం పెరిగితే వాడకం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీ పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం పెంచిన ప్రతిసారీ స్థిరంగా నడవడానికి వోల్టేజీ కూడా కాస్త పెంచక తప్పదు కాబట్టి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

ఒక ప్రాసెసర్‌ని 4.0 గిగాహెర్ట్జ్ నుంచి 4.4కి తీసుకెళ్లామనుకోండి, అంటే పది శాతం. అందుకోసం వోల్టేజీ 1.20 నుంచి 1.32కి పెంచాల్సి వచ్చింది, అదీ పది శాతమే. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33 వస్తుంది. అప్పటిదాకా 200 వాట్లు తాగుతున్న ప్రాసెసర్ ఇప్పుడు 266 వాట్లు తాగుతుంది. చిప్ వేడెక్కే కొద్దీ లోపల వృథాగా కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది, అది దీనికి అదనం.

అసలు మొదటి అంకె దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె బేస్ పవర్ 125 వాట్లు. అదే ప్రాసెసర్‌కి ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. బయోస్‌లో పరిమితులు ఎత్తేస్తే 300 కూడా దాటుతుంది. అదే ఏడాది వచ్చిన ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌కి చెప్పే టీడీపీ 170 వాట్లు, సాకెట్ నుంచి అది లాగగలిగే పరిమితి 230. ఎస్‌ఎంపీఎస్ కోసం లెక్క వేసేటప్పుడు ఎప్పుడూ ఆ రెండో అంకెనే పట్టుకోవాలి, ఓవర్‌క్లాకింగ్ దాని మీద కలపాలి. టీడీపీ అనేది చిప్ ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పడానికి, ఎక్కువగా కూలర్ ఎంచుకునేవాళ్ల కోసం పుట్టిన అంకె.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఆ 266 వాట్లని 1.32 వోల్టులతో భాగిస్తే దాదాపు 200 ఆంపియర్లు. వేలెడు లావు తీగలు వేసినా అంత కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి ప్రాసెసర్ దాకా తేవడం కుదిరే పని కాదు. అందుకే ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులు మాత్రమే పంపుతుంది. ప్రాసెసర్ పక్కనే మదర్‌బోర్డు మీద ఉండే వీఆర్‌ఎం ఆ 12 వోల్టుల్ని కిందికి దించి ఇస్తుంది. వీఆర్‌ఎం దగ్గర పోయే పది శాతాన్ని కూడా కలుపుకుంటే ఎస్‌ఎంపీఎస్ మీద పడేది సుమారు 25 ఆంపియర్లు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, మంచి ఎస్‌ఎంపీఎస్ కొంటే ఓవర్‌క్లాక్ ఇంకో వంద మెగాహెర్ట్జ్ పైకి వెళ్తుందన్న ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. 12 వోల్టుల లైను 12.05 ఉన్నా 11.85 ఉన్నా ప్రాసెసర్‌కి అందే వోల్టేజీని సరిచేసే పని వీఆర్‌ఎందే. ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణంలో పాత లెక్క ప్రకారం ఆ లైను అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. సాఫ్ట్‌వేర్‌లో 11.8 అని చూపించిందని టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను. ఆ సెన్సర్ రీడింగులు నమ్మదగ్గవి కావు. అనుమానం ఉంటే మల్టీమీటర్ పెట్టి చూడాలి.

రెండోది ముఖ్యం. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌లో ముందు చూడాల్సింది పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లని కాదు, +12వి అన్న గడి కింద ఉన్న ఆంపియర్లని. దాన్ని పన్నెండుతో గుణించండి. 750 వాట్లని చెప్పే దాని మీద 62.5 ఆంపియర్లు ఉంటే లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. 700 వాట్లని రాసి 38 ఆంపియర్లే ఇచ్చారనుకోండి, మీ చేతికొచ్చేది 456 వాట్లు. మిగతాది 3.3, 5 వోల్టుల లైన్లలో లెక్క చూపించారన్నమాట. ఇప్పటి కంప్యూటర్‌లో ఆ లైన్ల వాడకం చాలా తక్కువ. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా లేకపోతే ఆ పెట్టెని అక్కడే పెట్టేసి పక్కదాన్ని చూడటం మంచిది.

మెనూలో ఏం జరిగింది?

నా కంప్యూటర్ దగ్గరికి మళ్లీ వద్దాం. గ్రాఫిక్స్ కార్డు మీద రాసే వాట్లు సగటు లెక్క. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 అంటే 320 వాట్లు, 4090 అంటే 450, 5090 అంటే 575. కానీ కార్డు ఆ వాట్లని నీళ్ల పంపులాగా ఏకధారగా లాగదు. ఒక్కో ఫ్రేమ్ గీసేటప్పుడు వేల కోర్లు ఒక్కసారిగా పనిలో దిగుతాయి, అది అయిపోగానే ఖాళీ అవుతాయి. ఆ ఎగుడుదిగుళ్లు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండవు. గోడ దగ్గర పెట్టే వాట్ మీటర్ వాటిని పట్టుకోలేదు, సాఫ్ట్‌వేర్ అసలే పట్టుకోలేదు. ఆసిలోస్కోప్ పెడితేనే కనిపిస్తాయి. అంత చిన్న సేపట్లో కార్డు తన సగటుకి రెట్టింపు దాకా కూడా ఎగరగలదు.

మరోవైపు ఎస్‌ఎంపీఎస్ లోపల కాపలా సర్క్యూట్లు ఉంటాయి. కరెంటు హద్దు దాటితే ఒకటి, మొత్తం వాట్లు హద్దు దాటితే ఒకటి, వోల్టేజీ పడిపోతే ఒకటి, షార్ట్ అయితే ఒకటి, వేడెక్కితే ఒకటి. వీటిలో ఏది స్పందించినా ఎస్‌ఎంపీఎస్ తనని తాను కట్టేసుకుంటుంది. పరమ చురుకైన కాపలావాడు ఆ క్షణకాలపు ఎగుడుని చూసి షార్ట్ సర్క్యూట్ అనుకున్నాడంటే మీ పని అయిపోయినట్టే. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చిన కొత్తలో వాట్లు పుష్కలంగా ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఆడుతూ ఆడుతూ ఆరిపోయాయంటే కారణం ఇదే.

మరి గేమ్‌లో కాకుండా మెనూలోనే ఎందుకు? గేమ్ నడిచేటప్పుడు కార్డు మీద బరువు నిలకడగా ఉంటుంది. మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, ఫ్రేమ్ రేటుకి పరిమితి పెట్టకపోతే, సెకనుకి వందలు, ఒక్కోసారి వేల ఫ్రేములు తోసేస్తుంది. ప్రతి ఫ్రేమ్‌కీ ఒక ఎగుడు, ఒక దిగుడు. ఆ సమయంలో కార్డు సన్నగా కీచుమనేది. ఆ శబ్దం నాకు వినబడుతూనే ఉంది గానీ దాన్ని దీనితో ముడిపెట్టి చూడాలని తోచలేదు.

క్యాబినెట్ మూత తీసి చూశాక విషయం అర్థమైంది. నా ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల సరఫరా ఒకే లైనుగా కాకుండా నాలుగు లైన్లుగా విడగొట్టి ఉంది, ఒక్కోదానికీ వేరే హద్దు. కార్డుకి రెండు 8-పిన్ సాకెట్లు ఉంటే, తీగలు తక్కువ కనిపిస్తాయని నేను ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలు తీసుకెళ్లి రెండింటికీ తగిలించాను. అంటే కార్డు ఆకలంతా ఒకే లైను మీద పడింది. మిగతా లైన్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. రెండో సాకెట్‌కి వేరే లైను నుంచి వేరే కేబుల్ వేశాను. అంతే. అదే ఎస్‌ఎంపీఎస్, అదే కార్డు, తీసేసిన ఓవర్‌క్లాక్ కూడా మళ్లీ పెట్టాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆరిపోలేదు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు గానీ రెండు వారాలు పోయాయి.

సింగిల్ రెయిల్ (ఒకే లైను) మంచిదా, మల్టీ రెయిల్ (విడగొట్టిన లైన్లు) మంచిదా అని వాదించుకునేవాళ్లకి నా సమాధానం ఇదే. ఒకే లైను ఉంటే ఇలాంటి పంపకాల తలనొప్పి ఉండదు. కానీ దాని హద్దు 70, 80 ఆంపియర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఎక్కడైనా సన్నటి తీగలో తేడా వస్తే కాపలా సర్క్యూట్ మేలుకునేలోపే అది కాలిపోవచ్చు. విడగొట్టిన లైన్లు ఆ విషయంలో భద్రం. ఏ సాకెట్ ఏ లైనుదో మాన్యువల్‌లో చూసి పంచుకుంటే చాలు. నేనైతే ఇప్పటికీ రెండోదానికే ఓటేస్తాను, మాన్యువల్ చదవని నా బద్ధకాన్ని పక్కన పెడితే.

క్షణకాలపు ఎగుళ్ల సమస్యని ఇంటెల్ 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలోకి తీసుకొచ్చింది. కొత్త 16-పిన్ గ్రాఫిక్స్ కనెక్టర్‌తో వచ్చే పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు బరువుని 100 మైక్రోసెకన్ల పాటు ఆరిపోకుండా మోయాలి. ఓవర్‌క్లాకింగ్ కోసం ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ అన్న మాట అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. పాత ప్రమాణానికి కట్టిన 1000 వాట్ల దానికంటే ఈ ప్రమాణానికి నిలబడ్డ 850 వాట్లది నాకు నమ్మకంగా ఉంటుంది.

కేబుళ్ల దగ్గర కక్కుర్తి వద్దు

8-పిన్ గ్రాఫిక్స్ కనెక్టర్‌కి అధికారికంగా 150 వాట్లు. అందులో 12 వోల్టులు తెచ్చే తీగలు మూడు, ఒక్కోదాని మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు. పిన్నులు దాదాపు రెట్టింపు మోయగలవు కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. ఇందాక చెప్పిన కొత్త 16-పిన్ కనెక్టర్, 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్, అలా కాదు. దానికి 600 వాట్లు, అంటే 50 ఆంపియర్లు, 12 వోల్టులు తెచ్చే ఆరు పిన్నుల మీద. ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు పడితే, పిన్ మోయగలిగేది తొమ్మిదిన్నర ప్రాంతంలో. వెసులుబాటు ఎంత తక్కువో చూడండి. రెండు పిన్నులు సరిగ్గా తగలకపోతే ఆ బరువు మిగతా నాలుగింటి మీద పడుతుంది. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు బయటికొచ్చినప్పుడు, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ప్రధాన కారణంగా తేలింది. తర్వాత వచ్చిన 12వి-2x6లో సమాచారం పంపే చిన్న పిన్నుల్ని పొట్టిగా చేశారు. కనెక్టర్ పూర్తిగా కూర్చోకపోతే అవి తగలవు, కార్డు కరెంటు లాగదు.

ఈ కనెక్టర్‌తో పవర్ లిమిట్ పెంచి ఓవర్‌క్లాక్ చేయాలనుకునేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉంటే అంత మంచిది. చివరిదాకా నొక్కండి, టార్చి వేసి సందు లేదని చూసుకోండి, సాకెట్‌కి ఆనుకునే తీగల్ని మడవకండి. ప్రాసెసర్ వైపు కూడా మదర్‌బోర్డు మీద రెండు 8-పిన్ సాకెట్లు ఉంటే రెండింటికీ వైర్లు తగిలించండి. ఒక్కటి చాలదని కాదు. ఇందాకటి 25 ఆంపియర్లు నాలుగు పిన్నుల మీద కాకుండా ఎనిమిది మీద పడితే కనెక్టర్ చల్లగా ఉంటుంది.

బంగారు బిళ్ల సంగతి

80 ప్లస్ గోల్డ్, ప్లాటినం అని అంటించే బిళ్లలు నాణ్యతకి కొలమానం అనుకోవడం మామూలైపోయింది. 2004లో మొదలైన ఆ పథకం ముఖ్యంగా కొలిచేది ఒక్కటే: గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం లోపలికి చేరుతోంది. 115 వోల్టుల పరీక్షలో బ్రాంజ్ అంటే సగం బరువు దగ్గర 85 శాతం, గోల్డ్ అంటే 90. లోపల 500 వాట్లు వాడుతుంటే బ్రాంజ్‌ది గోడ నుంచి 588 లాగుతుంది, గోల్డ్‌ది 556. తేడా 32 వాట్లు, అదీ వేడి రూపంలో. ఫ్యాన్ గోల తగ్గడానికి అది పనికొస్తుంది. అంతేగానీ క్షణకాలపు ఎగుళ్లని తట్టుకుంటుందా, కాపలా సర్క్యూట్లు సరిగ్గా పనిచేస్తాయా, 12 వోల్టుల మీద అల లాంటి రిపుల్ ఏటీఎక్స్ హద్దయిన 120 మిల్లీవోల్టుల లోపు ఉందా అన్నది ఆ బిళ్ల చెప్పదు. అవి తెలియాలంటే లోడ్ టెస్టర్, ఆసిలోస్కోప్ పెట్టి చేసిన రివ్యూలు చదవాల్సిందే. పైగా ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో. క్యాబినెట్‌లో ఓవర్‌క్లాక్ చేసిన కార్డు పక్కన అంత చల్లదనం ఎక్కడిది? అందుకే పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 50 దగ్గర ఇస్తుందా అన్నది కంపెనీ చెప్పిందేమో చూడండి.

అన్నట్టు, ఎస్‌ఎంపీఎస్ మీద రాసే వాట్లు అది ఇచ్చేవి, గోడ నుంచి తీసుకునేవి కావు. 650 వాట్ల దాని మీద వాట్ మీటర్ 700 చూపిస్తే హడలిపోనక్కర్లేదు. 90 శాతం లెక్కన లోపల వాడుతున్నది 630.

ఇంతకీ ఎన్ని?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ 266, వీఆర్‌ఎం నష్టంతో కలిపి 295 అనుకుందాం. 320 వాట్ల కార్డుకి పవర్ లిమిట్ పది శాతం పెంచితే 352. మదర్‌బోర్డు, మెమరీ, డ్రైవులు, ఫ్యాన్లు, పంపు అన్నీ కలిపి 70. మొత్తం 717. ఇది రెండు స్ట్రెస్ టెస్టులు ఒకేసారి పెడితే వచ్చే అంకె. గేమ్‌లో ప్రాసెసర్ అంత లాగదు కాబట్టి మామూలుగా 550 ప్రాంతంలో ఉంటుంది. ఏటీఎక్స్ 3.0 ప్రమాణమున్న 850 వాట్లది దీనికి హాయిగా సరిపోతుంది. పాత ప్రమాణానిదైతే 1000 తీసుకుంటాను, ఆ అదనం అంతా క్షణకాలపు ఎగుళ్ల కోసమే. 750 తెచ్చినా నడుస్తుంది గానీ ఎప్పుడూ కత్తి అంచు మీద ఉన్నట్టుంటుంది. లోపలి కెపాసిటర్లు ఏళ్లు గడిచే కొద్దీ బలం తగ్గుతాయి. పది డిగ్రీలు చల్లగా ఉంచితే వాటి ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క.

అలాగని 1600 వాట్లది తెచ్చి పెట్టుకోనక్కర్లేదు. అది 1600 లాగేస్తుందన్న భయం ఉత్తిదే, కంప్యూటర్ అడిగినంతే ఇస్తుంది. కానీ బ్రౌజర్ తెరిచి ఊరికే ఉన్నప్పుడు ఆ 80 వాట్లు దాని సామర్థ్యంలో అయిదు శాతమే, అక్కడ ఎస్‌ఎంపీఎస్ పనితనం బాగా పడిపోతుంది.

ఈలోగా మీ మెషీన్ ఆగిపోతుంటే నాలాగా రెండు వారాలు పోగొట్టుకోకండి. బ్లూ స్క్రీన్, హ్యాంగ్, విండోస్ లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ (హార్డ్‌వేర్) ఎర్రర్లు వస్తే ఎక్కువగా ఓవర్‌క్లాక్‌దే తప్పు. వోల్టేజీ, మెమరీ వైపు చూడండి. ఏ గుర్తూ లేకుండా ఒక్కసారిగా ఆరిపోయి, వెనక స్విచ్ ఆపి వేస్తేగానీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ కాపలా సర్క్యూట్ని అనుమానించండి. లాగ్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 రెండు సందర్భాల్లోనూ వస్తుంది. అది మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది, అంతకుమించి ఏమీ లేదు. కొత్తది కొనేముందు కేబుళ్లు విడగొట్టి చూడండి, ఫ్రేమ్ రేటుకి పరిమితి పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెని మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు.

ఆ 750 వాట్లది మరి కొన్నాళ్లు పనిచేశాక, కార్డు మార్చినప్పుడు దాన్నీ మార్చాను. కొత్తది బిగించేటప్పుడు, పాత కేబుళ్లు చక్కగా సర్ది ఉన్నాయి కదా, వాటినే ఉంచేసి పెట్టె ఒక్కటి మారిస్తే పోలా అనిపించింది. సాకెట్లలో అవి చక్కగా పట్టేవి కూడా. కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు చివర ఏ పిన్నులో ఏముండాలన్నదానికి ప్రమాణం లేదు, ఒక కంపెనీ 12 వోల్టులు పెట్టిన చోట ఇంకో కంపెనీ గ్రౌండ్ పెడుతుంది. ఒకే కంపెనీ రెండు మోడళ్లకి కూడా తేడా ఉండొచ్చు. స్విచ్ వేసిన క్షణంలో డ్రైవులు, మదర్‌బోర్డు మాడిపోతాయి. గంటసేపు కూర్చుని పాతవన్నీ పీకి, ఒక కవర్‌లో వేసి, మీద మార్కర్‌తో మోడల్ పేరు రాసి అటక మీద పెట్టాను.